తరుగుటయే దాని ధర్మము

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు తూర్పుతీరమున మరబోట్లు వేటకు పోరాదని ప్రభుత్వము కట్టడి చేసిన 61 దినములలో, బందరు చెంతనున్న గిలకలదిండి రేవున బోట్లను ఒడ్డునకు లాగి, అడుగు గీచి, చిల్లులు పూడ్చి, రంగులు పూయు పని ముమ్మరముగా సాగుచుండును. నీటిలో మునిగిన లోహము ఏడాది పొడవున ఏమైనదో కంటికి కనబడునది ఆ కొలది దినములలోనే. అట్టి వేళ విజయవాడ నుండి వచ్చిన నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరొకరికిని, మూడు బోట్లుగల ఆయన బావమఱదికిని నడుమ సాగిన సంవాదమిది. కాలువ గేట్లమీదను వేటబోట్లమీదను బ్రతుకు ఈ డెల్టాలో త్రుప్పును గూర్చిన ఆలోచన శాస్త్రజ్ఞులకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదని నమ్మి దీనిని వ్రాయుచున్నాను.

ఆసామి: బావగారూ, మీరు వచ్చినప్పుడెల్ల మా బోట్లలో ఏదో యొక లోపము చూపక మానరు గాని, నేడు మాత్రము మెచ్చుకొనక తప్పదు. చుక్కానికి బిగించిన ఈ జింకు దిమ్మలను చూడుడు. రెండు వేటకాలములు ఉప్పునీటిలో నానినను పోతపోసిననాటి అంచు అట్లే యున్నది. బెజవాడలో ఒక కొలిమివాడు బజారు ధరలో సగమునకే పోసియిచ్చెను. సరకన్న అట్లుండవలెను.

ఇంజనీరు: ఆ అంచు చెడకుండుటయే నాకు దిగులు పుట్టించుచున్నదోయి. దిమ్మను విడిచి, చుక్కాని రేకు క్రింది అంచున వ్రేలితో తడవి చూడుము. గోరు దూఱునంత గుంటలు తగులుచున్నవి. ప్రొపెల్లరు రెక్కల కొనలు చూడుము. పసుపు వన్నె పోయి రాగివన్నెకు దిగినవి. ఆ మిశ్రలోహములోని జింకు నీటిపాలై, గుల్లబాఱిన రాగి మాత్రము మిగులుచున్నదనుటకు అది గుర్తు. దిమ్మ తరుగవలసిన చోట చుక్కానియు ప్రొపెల్లరును తరిగినవి.

ఆసామి: అనగా, తరిగిపోవుటకే డబ్బిచ్చి లోహమును కొనుమనుచున్నారా? వల కొందుము, చిరుగకుండ కాపాడుకొందుము. ఇంజను కొందుము, అరగకుండ నూనె పోయుదుము. కొన్న వస్తువు క్షీణించుటయే లాభమను వ్యాపారము నేనెన్నడును వినలేదు.

ఇంజనీరు: వినకున్నను ఈ వ్యాపారము సత్యమైనది. ఉప్పునీటిలో మునిగి, ఒకదానినొకటి తాకియున్న రెండు లోహములలో ఏది ఎలక్ట్రానులను విడుచుటకు ఎక్కువ సుముఖమో అది తాను కఱగుచు, ఆ కఱగుటచేతనే రెండవదానిని కఱగనీయక నిలుపును. దీనికి కొలతయు కలదు. వెండి, వెండిక్లోరైడులతో చేసిన కొలతకడ్డీని సముద్రజలములో ముంచి వోల్టుమీటరుతో చూచినచో, వట్టి ఉక్కు రమారమి ఋణ 0.6 వోల్టుల కడను, శుద్ధమైన జింకు ఋణ 1.05 వోల్టుల కడను నిలుచును. రెంటిని కలిపినపుడు ఉక్కు ఋణ 0.80 వోల్టులను దాటి జింకు వైపునకు జరిగినదా, దాని త్రుప్పు దాదాపు ఆగిపోయినట్లే. అట్లు జరిపినందుకు మూల్యము జింకు చెల్లించును. ఒక్క కిలో జింకు 780 ఆంపియరు గంటల విద్యుత్తు నీయగలదు. అంతకు మించి ఒక్క గంటయు ఈయలేదు. కావున తరుగని దిమ్మ పని చేయని దిమ్మ. బరువు తగ్గినంత మేరకే అది నీకు సేవ చేసినది.

ఆసామి: జింకు స్వభావమే అది యైనచో, నా దిమ్మ స్వభావము నేల మఱచినది?

ఇంజనీరు: ఆ కత్తి ఇటు తెమ్ము. చూచితివా, గీచిన చోటనెల్ల ఎఱ్ఱరంగు ఊడుచున్నది! అడుగంతటికిని రంగు పూసినవారు దీనికిని పూసిరి.

ఆసామి: కుఱ్ఱవాండ్రు పూసియుందురు. నిషేధము ముగియునను తొందరలో ఎవరు దేనికి పూయుచున్నారో చూచువాడుండడు.

ఇంజనీరు: రంగు పూసిన దిమ్మకు నీటితో పొత్తు లేదు, పొత్తు లేనిదే విద్యుత్తు లేదు. అదొక్కటే కాదు. రంగు క్రింద, చేతికి గఱుకుగ తగులుచున్న ఈ బూడిదవన్నె పెచ్చును చూడుము. 1950 దశకమున అమెరికా నౌకాదళపు పరిశోధకులు ఈ పెచ్చు మర్మమును శోధించి, జింకులో ఇనుము నూటికి 0.005 పాళ్ళు మించినను దిమ్మ తనమీద తానే గట్టిపొర కట్టుకొని మొద్దుబాఱునని తేల్చిరి. లక్ష గ్రాములలో ఐదు గ్రాములు! నీ కొలిమివాడు పాత తుక్కును ఇనుపమూకుడులో కఱగించియుండును. కఱగిన జింకు మూకుడు నుండియే ఇనుమును తనలోనికి లాగికొనును. వాని నేరము దొంగతనము కాదు, ఎఱుగమి. సగము ధరకు వచ్చినది జింకు వలె తూగునే గాని, జింకు పని చేయదు.

ఇక మూడవది. చుక్కాని కడ్డీ గ్రీజు పట్టిన బుష్షులో తిరుగుచున్నది. ఆ గ్రీజు పొర అవతల షాఫ్టు, ఇవతల దిమ్మ. ఈ రెంటిని ఒక రాగితీగతో కలిపినగాని, చుక్కానిమీది దిమ్మ ఎంత మేలైనదైనను షాఫ్టునకు కాచుకొను దిక్కుండదు. లోహము లోహమును తాకవలెను. బిగించు చోట త్రుప్పును తీగబ్రష్షుతో తెల్లగా రుద్ది, నట్టు బిగించి, ఒక కొసన దిమ్మను, వేఱొక కొసన షాఫ్టును మీటరు ముల్లులతో తాకి నిరోధము చూడవలెను. ఇందు విద్వత్తుతో పనిలేదు, ఓపికతో పనియున్నది.

ఆసామి: ఇంత బాధ యేల? మంచి రంగు రెండు పూతలు పూసినచో, నీరే లోహమును తాకదు. రంగును నమ్మి మా తండ్రి కాలము గడపెను.

ఇంజనీరు: మీ తండ్రిగారి కాలమున తెరచాప యుండెను, ఉక్కు షాఫ్టునకు కంచు ప్రొపెల్లరును జతపఱచు సంసారము లేదు. రంగును నేను తక్కువ చేయను. వేడిసముద్రములో వట్టి ఉక్కు ఒక్క చదరపు మీటరును కాచుటకు సుమారు పదవ వంతు ఆంపియరు ధార కావలెను. ఆ లెక్కను ఒక కిలో జింకు 7,800 గంటలకు, అనగా 325 దినములకు చెల్లిపోవును. అదే రేకునకు నూటికి 95 పాళ్ళు చెక్కుచెదరని రంగు కప్పియున్నచో ఇరువదవ వంతు ధారయే చాలును. రంగు లేని రేకునకు దిమ్మలు మోయలేము. కాని దిమ్మ లేని రంగు ఇంకొక విధమున ప్రమాదము: రంగు పొరలో ఒక్క గీత పడినచో, కంచు ప్రొపెల్లరు వైశాల్యమంతయు ఆ ఒక్క గీతలోని ఉక్కుమీద పడి లాగును. అంతటను పలుచగా పడవలసిన త్రుప్పు ఒక్కచోట తూటువలె దిగును. నీ చుక్కానిమీది గుంటలు అట్టివే.

ఆసామి: సరే, ఇంతసేపు మీరు చెప్పినది ఉక్కు ఓడల న్యాయము. ఇప్పుడు నా మాట వినుడు. మాది కొయ్యబోటు. నాలుగేండ్ల క్రిందట మీవంటి చదువరి యొకడు చెప్పగా, పెద్దబోటునకు కొయ్య క్రిందనున్న ఇత్తడి బోల్టులన్నిటిని తీగతో కలిపి, మేలైన దిమ్మలు ఆఱు బిగించితిమి. బోల్టులు మెఱుగు పెట్టినట్లు నిలిచినవి. కాని ఏడాది తిరుగునప్పటికి ప్రతి బోల్టు చుట్టును తెల్లని ఉప్పుపొక్కు లేచి, పలక పీచు పీచయినది. వడ్రంగి ఉలి మొన నుంచగా బొటనవ్రేలంత లోతు దిగెను. బోల్టు బ్రతికెను, పలక చచ్చెను. పలక మార్చుటకైన ఖర్చు బోల్టులు మార్చు ఖర్చునకు ఎన్ని రెట్లో మీరే ఊహింపుడు. ఆనాటి నుండి ఆ బోటునకు మా వడ్రంగి జింకు పేరెత్తనీయడు. వాని మాట తప్పని చెప్పగలరా?

ఇంజనీరు: చెప్పలేను. వాడు కన్నది నిజము. శాస్త్రము దానికి సాక్ష్యము పలుకును. రక్షింపబడుచున్న లోహపు ఒడలిమీద నీటిలోని ప్రాణవాయువు ఎలక్ట్రానులను గ్రహించి క్షారమును పుట్టించును. బయటి నీటిలో ఆ క్షారము అలలతో కొట్టుకొనిపోవును. బోల్టు రంధ్రములో, పలక నడుమ, అది పోవుటకు త్రోవ లేదు. కొయ్యపీచులను బంధించియుంచు జిగురు క్షారమునకు కఱగును. రాజమహేంద్రవరపు కాగితపు మిల్లులో కొయ్యను గుజ్జు చేయుటకు వాడునదియు క్షారమే. మీరు ఆఱు దిమ్మలు బిగించి, కోరకయే బోల్టుల చుట్టును అట్టి మిల్లుల నాటితిరి.

ఆసామి: మఱి?

ఇంజనీరు: మఱి ఏమున్నది? కొయ్యబోటులో పలకలోపలి ఇత్తడి బోల్టులను తీగతో కలుపుట మాని, నీటిలోనే యున్న షాఫ్టు, ప్రొపెల్లరు, చుక్కాని, వీనికి మాత్రమే దిమ్మ కట్టవలెను. చాలినంతయే కట్టవలెను. కొలతకడ్డీ 0.80 దాటినదని చెప్పిన చోటనే ఆగవలెను, ఎక్కువైనచో మేలనుకొనరాదు. గట్టి ఉక్కుకైనను మితిమీఱిన రక్షణ చేటే. హైడ్రోజను లోహములో దూఱి పెళుసుదనము తెచ్చును. ఈ విద్య పుట్టిననాడే ఈ పాఠమును పుట్టినది. 1824లో హంఫ్రీ డేవీ ఆంగ్లేయ నౌకాదళపు ఓడల రాగిరేకులు సముద్రములో తినబడుచున్నవని విని, రేకునకు చిన్న జింకు తునకనో ఇనుప తునకనో తాకించినచో రాగి చెక్కుచెదరదని నిరూపించి, ఆ సంవత్సరమే రాయల్ సొసైటీకి నివేదించెను. సమరాంగ్ అను ఓడకు పోతయినుప దిమ్మలు బిగించి సముద్రముమీద పరీక్షించిరి. రాగి నిలిచినది. కాని కఱగని రాగి నీటిలోనికి విషము విడువదు. విడువనందున గుల్లలును నాచును ఓడ అడుగును నిర్భయముగ ఆక్రమించి, నడకను కుంటుపఱచినవి. నౌకాదళమువారు ఆ దిమ్మలను తీయించివేసిరి.

ఆసామి: చూచితిరా! రాగి కఱగుటయే ఓడకు మేలైనది గదా.

ఇంజనీరు: ఆ ఓడకు, ఆ రేకునకు, మేలైనది. డేవీ తప్పు రసాయనములో లేదు. దేనిని కాపాడవలెనో ఎంచుకొనుటలో ఉన్నది. మీ వడ్రంగి అడుగుచున్నదియు అదే ప్రశ్న. అందుచేతనే వాని మాటను నేను త్రోసివేయను.

ఆసామి: మీరొప్పుకొన్నారు గనుక నేనును తెగించి అడిగెదను. మా బోట్లకు ఇన్ని సూక్ష్మములు చెప్పు ఇంజనీర్లు, తమ గేట్లను గూర్చి ఏమందురు? కృష్ణమ్మకు అడ్డముగ 1855లో ముగిసిన ఆనకట్ట ప్రధానముగ రాతికట్టడము. దానికి త్రుప్పు భయమెంత? 1952లో దానికి గండి పడిన పిదప, 1957లో ముగిసిన ప్రకాశం బ్యారేజి 70 ఉక్కు గేట్ల మీద నిలిచినది. మా పంటకాలువలకు నీరు ఎక్కునది ఆ ఉక్కు మూసియున్నంతకాలమే. ఆ గేట్లకు జింకు కట్టుదురా?

ఇంజనీరు: బ్యారేజి ఎగువనున్నది మంచినీరు. సముద్రజలముతో పోల్చినచో మంచినీరు విద్యుత్తును సుమారు నూఱవ వంతే ప్రసరింపనిచ్చును. జింకు దిమ్మ అందులో రెండడుగుల దూరముననున్న ఉక్కును కూడ కాచుకొనలేక, కొంతకాలమునకు పొర కట్టి నిదురించును. అచ్చట దిమ్మ కట్టదలచినచో మెగ్నీషియము వలయును. దాని ఒత్తిడి జింకుకంటె అర వోల్టునకు పైగా ఎక్కువ. అదే మెగ్నీషియమును నీవు ఉప్పునీటిలో కట్టినచో కొలది నెలలలో కఱగిపోవుటయే కాక, పైని చెప్పిన మితిమీఱిన రక్షణయు కలుగును. నీటిని బట్టి లోహము. మంచినీటి గేటునకు ప్రథమరక్షణ రంగే. దిమ్మ, రంగు ఊడిన చోట్లకు తోడు.

ఆసామి: ఆ ఎగువ నీరే బెజవాడ త్రాగునీరు. అందులో లోహమును కఱగించుట పాడియా?

ఇంజనీరు: మెగ్నీషియము నదీజలములో సహజముగనే కలదు, గేట్ల దిమ్మలనుండి వచ్చునది ప్రవాహములో లెక్కకు రాదు. ఆ భయము పెట్టుకొననక్కఱలేదు.

ఆసామి: ఇంకొకటి. 2024 సెప్టెంబరు 1న వచ్చిన వఱదలో, పదునొకండు లక్షల క్యూసెక్కులకు పైబడిన ప్రవాహము మీద కట్లు తెగిన పడవలు వచ్చి బ్యారేజి గేట్ల బరువుదిమ్మెలను ఢీకొన్నవి. అంతకు మూడు వారముల ముందు తుంగభద్రలో పందొమ్మిదవ గేటు గొలుసు తెగి, గేటే కొట్టుకొనిపోయినది. ఇందులో ఏ యొక్కదానినైనను మీ దిమ్మ ఆపియుండునా?

ఇంజనీరు: ఆపదు. పడవ దెబ్బకు రసాయనముతో సంబంధము లేదు. గొలుసు నీటిపైన వ్రేలాడునది. దిమ్మ ప్రభావము నీటిలో మునిగినంత మేరకే సాగును. నీటిమట్టమునకు పైన, తడియు పొడియు మాఱిమాఱి తగులు చోటున త్రుప్పు అన్నిటికంటె తీవ్రముగ పట్టును. అచ్చట దిమ్మ ఎందుకును కొఱగాదు. రంగు, గ్రీజు, కండ్లు పెట్టి చూచు మనిషి, ఇవియే అచ్చటి మందులు. దిమ్మను సర్వరోగనివారిణిగా అమ్మువాని మాట నమ్మకుము. కాని అది పని చేయు చోట దానికి సాటి వేఱొకటి లేదు. నాగాయలంక దాటి హంసలదీవి వైపు పొమ్ము. వేసవిలో పోటునీరు నదీపాయలలోనికి ఎగబ్రాకును. మురుగుకాలువలు సముద్రమును కలియు చోటులనున్న తలుపులకు ఆఱునెలలు చప్పనీరు, ఆఱునెలలు ఉప్పునీరు. జింకు చప్పనీటిలో నిదురించి, ఉప్పునీరు వచ్చినను వెంటనే మేల్కొనదు. మెగ్నీషియము ఉప్పునీటిలో మండిపోవును. అచ్చటికి తగినది జింకు, ఇండియములు స్వల్పముగ కలిపిన అల్యూమినియము. ఒక్క కిలో సుమారు 2,500 ఆంపియరు గంటలిచ్చును, జింకునకు మూడు రెట్లు. ఆ వెలుపల కృష్ణా–గోదావరి క్షేత్రములో సముద్రగర్భమున వేసిన వాయువు గొట్టముల వంటి వానికి అల్యూమినియము దిమ్మలను వాడుట అందుచేతనే. ఇరువది ముప్పది యేండ్లు ఎవరును దిగి మార్చలేని చోట, ఆ కాలమంతటికిని చాలు లోహమును మొదటనే కట్టి దింపవలెను.

ఇచ్చట నేనొక మాట కలుగజేసికొనవలసియున్నది. సముద్రగర్భపు గొట్టమునకు ముప్పదేండ్ల తరుగుదలను ముందే లెక్కకట్టి దింపువారున్న ఈ తీరముననే, చేతికందు లోతులోనున్న కాలువ తలుపు ఏడాదిలో ఎంత తరిగినదో అడుగువారు అరుదు. కొనుగోలునకు పద్దు వ్రాయుదురు, ప్రారంభమునకు ఫలకము చెక్కుదురు. తిరిగి విప్పి, తూచి, వ్రాసికొను పనికి పద్దును లేదు, గౌరవమును లేదు. దిమ్మ విషయమున ఆ అలవాటు చేయు చేటు రెండింతలు. ఏలయన కట్టిన నాటి రూపముననే యున్న దిమ్మను చూచి కొన్నవాడు సంతోషించును, చూడవచ్చిన అధికారియు తృప్తిపడును. ఆసామి పొరబడినది ఎచ్చటనో అచ్చటనే మన సంస్థలును పొరబడుటకు వీలున్నది.

ఆసామి: మా రేవును పాయమీదనే యున్నది గదా. వానకాలమున నీరు చప్పబడును. అట్లయిన నాకును అల్యూమినియమే తగునందురా?

ఇంజనీరు: తగును. కాని లోహము పేరు విని కొనకుము. ఏ మిశ్రమమో, ఇనుమెంతయో, రాగియెంతయో వ్రాసియిచ్చు పత్రముతో కొనుము. నీ బోటు ఏడాదికొకసారియే ఒడ్డెక్కును గనుక, తిరిగి ఒడ్డెక్కునాటికి సగము మిగులునంత బరువు ఎంచుకొనుము. సగము తరిగిన దిమ్మను ఇంకొక ఏడు లాగింత మనుకొనవద్దు. సగము దాటిన పిమ్మట అది బోల్టు చుట్టును కఱగి, ఊడిపడుటయు కలదు. ఒకవేళ ఒక్క నెలలోనే కఱగినచో సంతోషింపక, బ్యాటరీ తీగలు చూడుము; లోపలి విద్యుత్తు నీటిలోనికి కారుచున్నదన్నమాట.

ఆసామి: నేనిట్లు చేసెదను. రెండు బోట్లకు మీరు చెప్పినట్లు బిగింతును. మూడవదానికి బిగింపను, రంగు మాత్రమే. వచ్చే నిషేధమునాటికి మూడింటిని ప్రక్కప్రక్కన లాగించి చూతము. పెద్దబోటు పలకకైన ఖర్చు నేనింకను మఱువలేదు, బావగారూ. మాటలతో మఱచునది కాదది.

ఇంజనీరు: మంచిది. అట్లయిన ఆ పరీక్ష సరిగ నుండవలెను. మూడింటికిని ఒకే రంగు, ఒకే దినమున, ఒకే చేతితో పూయింపుము. దిమ్మలకు పూయనీయకుము; పూయునపుడు గుడ్డ చుట్టియుంచుము. బిగించుటకు ముందు దిమ్మలను తూచి వ్రాసికొనుము. మూడు ప్రొపెల్లర్లును విప్పినపుడు వానినిగూడ తూచుము. దిమ్మ పోగొట్టుకొన్నది ప్రొపెల్లరు నిలుపుకొన్నదో లేదో తేలునది అచ్చటనే.

ఆసామి: తూకము మీ కొలత. పలక మా కొలత. మూడు బోట్లకును షాఫ్టు చుట్టునున్న కొయ్యను నేడును, మఱల ఏడాదికిని, మా వడ్రంగి ఉలితో పొడిచి చూచి, ఎంత లోతు దిగినదో చెప్పును. దానిని కూడ ఆ పుస్తకములోనే వ్రాయవలెను.

ఇంజనీరు: వ్రాయవలెను. వానిని ఇప్పుడే పిలిపింపుము. పలక ఆరిపోకముందే మొదటి లోతు చూడవలెను.